ముప్పై దాటాక ఆటగాడికి కొలువెక్కడ?

2025 ఫిబ్రవరి 1న రూర్కెలాలోని బిర్సా ముండా స్టేడియంలో హాకీ ఇండియా లీగ్ ఫైనల్ జరిగింది. ఏడేళ్ళు ఆగిపోయి మళ్ళీ మొదలైన లీగ్ అది. హైదరాబాద్ తూఫాన్స్ జట్టు 3-4 తేడాతో బెంగాల్ టైగర్స్ చేతిలో ఓడిపోయింది. కప్పు అందుకున్న బెంగాల్ కెప్టెన్ రూపిందర్ పాల్ సింగ్‌కు అప్పటికి 34 ఏళ్ళు. టోక్యో ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచిన జట్టులో ఆడి, 2021 సెప్టెంబరులోనే అంతర్జాతీయ హాకీకి సెలవు చెప్పిన మనిషి. దేశం జట్టుకు దూరమైన మూడేళ్ళ తర్వాత ఒక యాజమాన్యం అతన్ని వేలంలో కొనుక్కుంది, నాయకత్వం అప్పగించింది, కప్పు గెలిచింది.

అదే వయసున్న ఇంకెందరో ఆటగాళ్ళను ఏ జట్టూ అడగలేదు. ఇద్దరికీ వయసు ఒకటే అయినప్పుడు ఒకరికి గిరాకీ ఎందుకుంది, మరొకరికి ఎందుకు లేదు? అదృష్టం, పలుకుబడి కొంత పని చేస్తాయి. కానీ ఈ ప్రశ్నకు అసలు జవాబు మన కండరాల్లో, గుండెలో, కళ్ళలో, మెదడులో ఉంది. వయసు మనిషిని అన్ని వైపుల నుంచీ ఒకేసారి తగ్గించదు. కొన్ని శక్తులు ముందే సన్నగిల్లుతాయి, కొన్ని చాలాకాలం నిలబడతాయి, ఒకటి రెండు పెరుగుతాయి కూడా. ఆటగాడి భవిష్యత్తు అతను చేసే పని వీటిలో దేని మీద ఆధారపడి ఉందో దాన్నిబట్టి ఉంటుంది.

జ్యోతినగర్, గోదావరిఖని కాలనీల్లో ఈ విషయం ఇంటింటికీ పట్టింది. ఎన్టీపీసీ, సింగరేణి మైదానాల్లో ఆట నేర్చుకుని, స్పోర్ట్స్ కోటాలో కొలువు దొరికితే చాలనుకునే పిల్లలు ఇక్కడ ప్రతి వీధిలో ఉన్నారు. ఆట ఎప్పుడు మొదలుపెట్టాలో చెప్పేవాళ్ళకు కొదవ లేదు. ఒంట్లో సత్తువ తగ్గడం మొదలయ్యాక ఏం చెయ్యాలో మాత్రం ఎవరూ చెప్పరు.

వేలం పాట లెక్క

ముందు బజారు సంగతి చూద్దాం. 2024 అక్టోబరులో ఢిల్లీలో జరిగిన హాకీ ఇండియా లీగ్ వేలంలో ఒక్కో పురుషుల జట్టు ఖర్చు చేయగలిగింది 4 కోట్ల రూపాయలు. ఆ డబ్బుతో 24 మందిని కొనుక్కోవాలి. వాళ్ళలో కనీసం 16 మంది భారతీయులు, ఆ భారతీయుల్లో కనీసం నలుగురు జూనియర్లు ఉండాలి. ఎనిమిది మంది విదేశీయులు. ఆటగాళ్ళ కనీస ధర 2 లక్షలు, 5 లక్షలు, 10 లక్షలు అని మూడు మెట్లుగా పెట్టారు.

4 కోట్లను 24 మందికి సమానంగా పంచితే తలకు 16 లక్షల 67 వేలు వస్తుంది. కానీ ఎవరూ సమానంగా పంచరు. హర్మన్‌ప్రీత్ సింగ్‌కు సూర్మా జట్టు 78 లక్షలు పెట్టింది. గొంజాలో పెయాత్‌కు హైదరాబాద్ తూఫాన్స్ 68 లక్షలు పెట్టింది. ఒక్కడికే 68 లక్షలు పోతే మిగిలిన 23 మందికి సగటున 14 లక్షల చిల్లర మిగులుతుంది. పైన ఇద్దరు ముగ్గురు తారలు తినగా మిగిలిన డబ్బుతో జట్టు అడుగు వరుసలు నింపుకోవాలి. అక్కడ 2 లక్షలకు 20 ఏళ్ళ కుర్రాడూ దొరుకుతాడు, 33 ఏళ్ళ అనుభవజ్ఞుడూ దొరుకుతాడు. కుర్రాడు రేపు ఇంకా బాగా ఆడవచ్చు. అనుభవజ్ఞుడు నిన్న ఎంత బాగా ఆడాడో అందరికీ తెలుసు, రేపు ఎలా ఆడతాడన్నదే అనుమానం. కాబట్టి వయసు మీదపడ్డ సగటు ఆటగాడే ముందు జారిపోతాడు. నలుగురు జూనియర్లు తప్పనిసరి అన్న నిబంధన పిల్లలకు మేలు చేస్తుంది, అదే సమయంలో పెద్దవాళ్ళకు నాలుగు కుర్చీలు తగ్గిస్తుంది.

పై పేర్లలో గమనించాల్సిన విశేషం ఒకటుంది. ఆ వేలంలో భారీ ధర పలికిన హర్మన్‌ప్రీత్‌కు 28 ఏళ్ళు, పెయాత్‌కు 32. కప్పు గెలిచిన రూపిందర్‌కు 34. ముగ్గురూ పెనాల్టీ కార్నర్‌లో డ్రాగ్ ఫ్లిక్ (బంతిని స్టిక్కుతో ఈడ్చి గోల్ వైపు విసరడం) కొట్టే నిపుణులే. పెయాత్ 2016లో అర్జెంటీనాకు ఒలింపిక్ స్వర్ణం, 2023లో జర్మనీకి ప్రపంచకప్పు గెలిచిపెట్టిన జట్లలో ఉన్నాడు. ముగ్గురిదీ ఒకే విద్య కావడం కాకతాళీయం కాదనడానికి శరీర శాస్త్రంలో కారణం ఉంది.

ఒంట్లో ముందు తగ్గేదేది?

హాకీ ఆటగాడు ఒక మ్యాచ్‌లో, ఆడే స్థానాన్నిబట్టి, సుమారు ఐదు నుంచి పది కిలోమీటర్లు తిరుగుతాడు. ఇందులో ఎక్కువ భాగం నడక, నెమ్మది పరుగే. మ్యాచ్‌ను తేల్చేవి మాత్రం మధ్యమధ్య వచ్చే చిన్న చిన్న ఉరుకులు. ఆ ఉరుకుకు కావలసిన శక్తే వయసుతో అన్నిటికంటే ముందు తగ్గుతుంది.

మన కండరంలో స్థూలంగా రెండు రకాల పోగులుంటాయి. నిదానపు పోగులు గంటలకొద్దీ అలసిపోకుండా పని చేస్తాయి. వేగపు పోగులు క్షణంలో బలమంతా చూపించి త్వరగా అలసిపోతాయి. వయసు పెరిగేకొద్దీ సన్నబడడం వేగపు పోగుల్లోనే ఎక్కువ. అందుకే పెద్దవయసు క్రీడాకారుల్లో నిలకడ చాలాకాలం ఉంటుంది, బలం దానికంటే ముందు తగ్గుతుంది, బలాన్ని ఒక్క క్షణంలో విడుదల చేసే చురుకుదనం అన్నిటికంటే ముందు వెళ్ళిపోతుంది. మారథాన్ పరుగులో ముప్పైల చివర ఉన్నవాళ్ళు ప్రపంచ స్థాయిలో గెలవగలుగుతున్నారు కానీ వంద మీటర్ల పరుగులో అది అరుదు.

ముప్పైల్లో ఈ తగ్గుదల స్వల్పమే. ఇంట్లో, ఆఫీసులో, మార్కెట్లో ఎవరికీ తెలియనంత స్వల్పం. కానీ మైదానంలో దాని విలువ వేరు. ఇద్దరు ఆటగాళ్ళు 20 మీటర్ల దూరంలో ఉన్న బంతి కోసం ఉరికారనుకుందాం. రెండోవాడు మొదటివాడికంటే 2 శాతం మాత్రమే నిదానం. మొదటివాడు బంతిని చేరేసరికి రెండోవాడు 40 సెంటీమీటర్లు వెనకబడి ఉంటాడు. బంతి ముందున్నవాడి స్టిక్కుకు అంటుకుని మలుపు తిరగడానికి ఆ కాస్త దూరం చాలు. కాలనీ మ్యాచ్‌లో కనిపించని తేడా, లీగ్ మ్యాచ్‌లో గోల్‌గా మారుతుంది.

గుండె సంగతి చూస్తే, అది నిమిషానికి అత్యధికంగా కొట్టుకోగలిగే వేగం ఏటా సుమారు 0.7 చొప్పున తగ్గుతుంది. పాతికేళ్ళ వయసులో 190 ఉంటే 35 ఏళ్ళకు 183 దగ్గరికి వస్తుంది. ఎంత సాధన చేసినా ఈ తగ్గుదలను పెద్దగా ఆపలేం. ఒళ్ళు నిమిషానికి వాడుకోగలిగే ప్రాణవాయువు మోతాదు సాధారణ జనంలో ముప్పై దాటాక పదేళ్ళకు సుమారు 10 శాతం పడిపోతుంది. కఠోర సాధన మానని క్రీడాకారుల్లో ఆ పతనం దాదాపు సగానికి తగ్గుతుంది. అంటే ఇక్కడ మనిషి చేతిలో ఉన్నది కొంత, లేనిది కొంత.

మూడోది, కోలుకోవడం. దెబ్బతిన్న కండరం మరమ్మతు కావడానికి, స్నాయువులు తేరుకోవడానికి పట్టే కాలం పెరుగుతుంది. 2024-25 లీగ్ మొత్తాన్ని డిసెంబరు 28 నుంచి ఫిబ్రవరి 1 వరకు ఐదు వారాల్లో ముగించారు. ఇంత దగ్గర దగ్గరగా మ్యాచ్‌లున్నప్పుడు 34 ఏళ్ళ ఆటగాడికి అసలు ప్రత్యర్థి ఎదుటి జట్టు కంటే ముందటి మ్యాచ్ మిగిల్చిన నొప్పే. తొడ వెనక కండరం పట్టేయడానికి వయసు ఒక కారణం. అంతకంటే పెద్ద కారణం అదే చోట అంతకుముందు తగిలిన గాయం. పదిహేనేళ్ళు ఆడినవాడి ఒంట్లో పాత గాయాల చిట్టా పొడుగ్గానే ఉంటుంది.

ఈ మూడూ లెక్కలోకి తీసుకుంటే డ్రాగ్ ఫ్లిక్ నిపుణుడికి ముప్పై దాటాక కూడా గిరాకీ ఎందుకో అర్థమవుతుంది. అతని పని మ్యాచ్ మొత్తంలో కొన్నిసార్లే వస్తుంది. ప్రతిసారీ నిలబడ్డ చోటి నుంచి మొదలవుతుంది, బంతి కోసం ప్రత్యర్థితో పోటీపడి ఉరకనక్కర్లేదు. తుంటి, నడుము, భుజం, మణికట్టు వరుసగా ఒకదాని బలాన్ని మరొకటి అందిపుచ్చుకోవాలి. ఆ వరుస ఏళ్ళ తరబడి సాధనతో ఒంటికి పడుతుంది. పైగా హాకీలో ఎన్నిసార్లయినా ఆటగాణ్ణి మార్చుకోవచ్చు, బయటికి పోయినవాడు మళ్ళీ లోపలికి రావచ్చు. ఊపిరి తీసుకునే వీలు నిబంధనల్లోనే ఉంది. నడుము మీద పడే భారం ఒక్కటే ఈ నిపుణుడికి శత్రువు.

అదే మధ్యవరుసలో మ్యాచ్ అంతా పరుగెత్తే ఆటగాడి కథ వేరు. భారత మధ్యవరుస ఆటగాడు సర్దార్ సింగ్ 2018లో యోయో పరీక్షలో 21.4 స్థాయిని అందుకున్నాడు. 20 మీటర్ల దూరం వెళ్ళి రావడం, పది సెకన్లు ఊపిరి పీల్చుకోవడం, మళ్ళీ ఇంకాస్త వేగంగా పరుగెత్తడం ఈ పరీక్ష పద్ధతి. 32 ఏళ్ళ మనిషికి అది చాలా గొప్ప ఫలితం. అదే ఏడాది కామన్వెల్త్ క్రీడల జట్టులో అతనికి చోటు దక్కలేదు, సెప్టెంబరులో ఆటకు వీడ్కోలు చెప్పాడు. నిలకడను కొలిచే పరీక్షలో నెగ్గడం ఒకటి, ఆ స్థానానికి కుర్రాళ్ళ వేగమే కావాలనుకునే ఎంపికదారులను ఒప్పించడం మరొకటి.

అర సెకనులో గోల్‌కీపర్

ఇప్పుడు వయసుతో మెరుగయ్యే వైపు చూద్దాం. డ్రాగ్ ఫ్లిక్ బంతి గంటకు 110 కిలోమీటర్ల వేగంతో వస్తోందనుకోండి. సెకనుకు 30 మీటర్లకు పైమాటే. కొట్టేచోటు నుంచి గోల్ గీతకు సుమారు 14 మీటర్లు. కాబట్టి గోల్‌కీపర్‌కు దొరికే వ్యవధి 0.46 సెకను. కంటికి కనిపించినదానికి ఒళ్ళు స్పందించడం మొదలుపెట్టడానికే 0.2 సెకను పడుతుంది. మిగిలిన పావు సెకనులో, 3.66 మీటర్ల వెడల్పు, 2.14 మీటర్ల ఎత్తున్న గోల్‌లో ఏ మూలకైనా కాలో చెయ్యో చేరాలి. బంతి స్టిక్కును విడిచాక నిర్ణయం తీసుకుంటే పని జరగదు. కొట్టేవాడి తుంటి ఎటు తిరుగుతోంది, ముందు పాదం ఎక్కడ పడింది, స్టిక్కు కొస ఎంత ఆలస్యంగా వస్తోంది అన్నవి చూసి, బంతి బయలుదేరకముందే సగం నిర్ణయం తీసుకుని ఉండాలి.

ఈ చూపును ప్రయోగశాలలో పరీక్షించవచ్చు. ఆటగాడు బంతిని కొట్టబోయే దృశ్యాన్ని చూపిస్తూ, స్టిక్కు బంతిని తాకడానికి ముందే తెర ఆపేస్తారు. బంతి ఎటు వెళుతుందో చెప్పమంటారు. అనుభవజ్ఞులు కొత్తవాళ్ళకంటే స్పష్టంగా ఎక్కువసార్లు సరిగ్గా చెబుతారు. 2006లో కెనడాకు చెందిన జోన్ వికర్స్, డెరెక్ పంచుక్ ఐస్ హాకీ గోల్‌కీపర్ల కంటి కదలికలను కొలిచారు. పక్‌ను (ఐస్ హాకీలో బంతి బదులు వాడే బిళ్ళను) ఆపగలిగినప్పుడు వాళ్ళ చూపు అటూఇటూ తిరగకుండా, కొట్టడానికి ముందు నుంచే స్టిక్కు కొస మీద, దాని ముందున్న పక్ మీద నిలిచి ఉంటోందని తేలింది. ఈ నిలకడ చూపు సాధనతో వస్తుంది. దానికి వేగపు పోగులతో సంబంధం లేదు.

సింగరేణి గనిలో పని చేసినవాళ్ళకు ఈ మాట కొత్తగా అనిపించదు. గని పనివాళ్ళ మేస్త్రీ అయిన సీనియర్ సర్దార్ పని చోటుకు చేరగానే రాడ్‌తో పైకప్పును తట్టి వింటాడు. గట్టి పొర ఖంగుమంటుంది. పొర విడిపోయిన చోట డొల్లగా మోగుతుంది. కొత్తగా చేరిన కుర్రాడికి రెండూ ఒకే చప్పుడు. సర్దార్ మాత్రం అందర్నీ వెనక్కి జరగమంటాడు, సపోర్టు పెట్టిస్తాడు. తట్టా చెమ్మస్ పట్టి బొగ్గు నింపే పనిలో కుర్రాడితో అతను పోటీ పడలేకపోవచ్చు. కప్పు చప్పుడు పోల్చుకోవడంలో కుర్రాడు అతనితో పోటీ పడలేడు.

అందుకే గోల్‌కీపర్లు ఎక్కువకాలం నిలుస్తారు. చిత్తూరు జిల్లా ఎనుములవారిపల్లెలో 1990లో పుట్టిన ఎతిమరపు రజని మన తెలుగు నేలకు దగ్గరి ఉదాహరణ. సవిత వంటి మేటి గోల్‌కీపర్ ఉన్న కాలంలో ఆమె ఏళ్ళ తరబడి రెండో స్థానంలో ఓపికగా నిలబడింది. 2024 జనవరిలో మస్కట్‌లో జరిగిన తొలి మహిళల హాకీ ఫైవ్స్ ప్రపంచకప్పుకు భారత జట్టును 33 ఏళ్ళ వయసులో ఆమే నడిపించింది. జట్టు ఫైనల్ దాకా వెళ్ళి రజతం గెలిచింది. చిన్న మైదానం, జట్టుకు ఐదుగురే, కొద్దిసేపటి ఆట. అలాంటి చోట గోల్‌కీపర్ క్షణక్షణం పరీక్షకు నిలబడాలి. ఇక భారత పురుషుల జట్టు గోల్‌కీపర్ శ్రీజేష్ 36 ఏళ్ళ వయసులో పారిస్ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచి ఆట ముగించాడు. ఆ ఏడాదే జూనియర్ జట్టుకు కోచ్‌గా చేరి, డిసెంబరులో జూనియర్ ఆసియా కప్పు గెలిపించాడు.

మెదడు కూడా నిదానిస్తుందన్న మాట నిజమే. సైమన్ ఫ్రేజర్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2014లో స్టార్‌క్రాఫ్ట్ 2 అనే కంప్యూటర్ ఆట ఆడే 3,305 మంది రికార్డులు పరిశీలించారు. వాళ్ళ వయసు 16 నుంచి 44 వరకు. కొత్త దృశ్యం కనిపించగానే తొలి చర్య తీసుకునే వేగం 24 ఏళ్ళ వయసు నుంచే తగ్గడం మొదలవుతోందని గమనించారు. అయితే పెద్ద వయసువాళ్ళు మీటలను పొదుపుగా వాడడం, ఆట సులువు చేసే అడ్డదారులు ఎక్కువ వాడుకోవడం వంటి పద్ధతులతో ఆ లోటు భర్తీ చేసుకుంటున్నారని కూడా తేలింది. నిదానం వచ్చింది, దానికి విరుగుడూ వాళ్ళే కనుక్కున్నారు.

లెక్కలు మనల్ని ఎలా బోల్తా కొట్టిస్తాయి

బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2014లో ఉత్తర అమెరికా ఐస్ హాకీ లీగ్ ఆటగాళ్ళ మీద ఒక అధ్యయనం ప్రచురించారు. దాడి చేసే ఆటగాళ్ళు 27, 28 ఏళ్ళ మధ్య శిఖరం చేరుతున్నారని, రక్షణ ఆటగాళ్ళు మరో ఏడాది ఆలస్యంగా చేరుతున్నారని తేల్చారు. దాడి ఆటగాళ్ళు 24 నుంచి 32 వరకు, రక్షణ ఆటగాళ్ళు 24 నుంచి 34 వరకు తమ శిఖర స్థాయిలో 90 శాతానికి దగ్గరగా ఆడగలుగుతున్నారు. గోల్‌కీపర్లలో వయసు ప్రభావం చాలా స్వల్పం. మన గడ్డి హాకీ మీద ఈ అంకెలను ఉన్నదున్నట్టు రుద్దలేం. ఉరికేవాడు ముందు, అడ్డుకునేవాడు తర్వాత, కాపలాదారు ఆఖర్న అన్న వరుస మాత్రం రెండు ఆటలకూ సరిపోతుంది.

ఇలాంటి అధ్యయనాల్లో ఒక ఉచ్చు ఉంటుంది. 36 ఏళ్ళ ఆటగాళ్ళ సగటు గోల్స్, 26 ఏళ్ళవాళ్ళ సగటు గోల్స్ పక్కపక్కన పెట్టి చూస్తే పెద్ద తేడా కనిపించకపోవచ్చు. వయసు ఏమీ చెయ్యదని సంబరపడితే పొరపాటు. 26 ఏళ్ళ గుంపులో గొప్పవాళ్ళూ, సామాన్యులూ ఉన్నారు. 36 ఏళ్ళకు సామాన్యులను జట్లు ఎప్పుడో పంపేశాయి, గొప్పవాళ్ళే మిగిలారు. ఆ ఐస్ హాకీ లీగ్‌లోనే గోర్డీ హౌ 1979-80 సీజన్లో 51 ఏళ్ళ వయసులో మొత్తం 80 మ్యాచ్‌లూ ఆడి 15 గోల్స్ కొట్టి, సీజన్ ముగిసేలోపు 52లోకి అడుగుపెట్టాడు. అది హౌ గొప్పతనాన్ని చెబుతుంది, 51 ఏళ్ళ మనుషుల గురించి ఏమీ చెప్పదు.

కార్మికుల ఆరోగ్యం మీద పనిచేసే వైద్యులకు ఇది బాగా పరిచయమైన విషయం. ఏ గనిలోనైనా 55 ఏళ్ళు దాటి భూగర్భంలో మస్టర్ పడుతున్నవాళ్ళను మాత్రమే పరీక్షిస్తే, గని పని ఒంటికి మంచిదే అన్నట్టు ఫలితాలు రావచ్చు. ఊపిరితిత్తులు, మోకాళ్ళు దెబ్బతిన్నవాళ్ళు అంతకుముందే అన్‌ఫిట్ అయి ఇంటికి వెళ్ళిపోయారు, వాళ్ళు లెక్కలోకి రాలేదు. కాబట్టి సరైన పద్ధతి ఒక్కటే. ఒకే మనిషిని ఏడాది తర్వాత ఏడాది అతనితోనే పోల్చి చూడాలి. ఆటగాణ్ణి కొనే యాజమాన్యమూ చెయ్యాల్సింది ఇదే. మూడేళ్ళ కిందటి ఉరుకు వేగం ఎంత, ఇప్పుడెంత, తగ్గిన చోట అతను ఏం నేర్చుకున్నాడు? ఈ మూడు ప్రశ్నలు అడగకుండా పుట్టినతేదీ చూసి పక్కన పెట్టే యాజమాన్యం ఎంత నష్టపోతుందో, పేరు చూసి డబ్బు కుమ్మరించే యాజమాన్యమూ అంతే నష్టపోతుంది.

ఏడాది ఒప్పందాల బతుకు

వయసు మీదపడ్డ ఆటగాళ్ళ బజారు ఎలా ఉంటుందో తెలియాలంటే అమెరికా, కెనడాల్లోని ఐస్ హాకీ లీగ్ చూడాలి. అక్కడ 27 ఏళ్ళు నిండినా, ఏడు సీజన్లు ఆడినా, ఒప్పందం ముగిసిన ఆటగాడు ఏ జట్టుతోనైనా బేరం కుదుర్చుకోవచ్చు. ఫ్రీ ఏజెంట్ అంటారు. ఏటా జులై 1న ఆ బజారు తెరుచుకుంటుంది. 2005 నుంచి ప్రతి జట్టు జీతాల మొత్తానికి పైహద్దు ఉంది. 35 ఏళ్ళు దాటినవాడితో చాలా ఏళ్ళ ఒప్పందం చేసుకుంటే, అతను మధ్యలో ఆట మానేసినా ఆ భారం జట్టు లెక్కలోనే ఉండిపోవచ్చు. అందుకే పెద్దవాళ్ళకు ఎక్కువగా ఏడాది ఒప్పందాలే దక్కుతాయి. కనీస జీతం, బాగా ఆడితే అదనపు సొమ్ము. అదీ దొరకనివాళ్ళు జీతం హామీ లేకుండా శిబిరానికి వెళ్ళి, తమను తాము నిరూపించుకుని చోటు అడగాలి.

యారొమీర్ యాగర్ ఆ లీగ్‌లో 766 గోల్స్ కొట్టినవాడు. 2017 వేసవి అంతా ఎదురుచూసినా అతనికి పిలుపు రాలేదు. అక్టోబరులో కాల్గరీ జట్టు ఏడాదికి తీసుకుంది. 22 మ్యాచ్‌లు ఆడాడు, ఒకే గోల్ కొట్టాడు, గాయాలు వెంటాడాయి. 45 ఏళ్ళ వయసులో ఆ లీగ్‌కు దూరమై చెక్ దేశంలోని తన సొంత జట్టు క్లాడ్నోకు వెళ్ళి, యాభై దాటాక కూడా ఆడాడు. యాగర్‌కు సొంత జట్టు ఉంది, అందరికీ ఉండదు.

అదే లీగ్‌లో కోరీ పెర్రీ కథ మరోలా సాగింది. అతను 2020, 2021, 2022, 2024, 2025 సంవత్సరాల్లో నాలుగు వేర్వేరు జట్ల తరఫున ఆ లీగ్ టైటిలైన స్టాన్లీ కప్పు ఫైనల్‌కు చేరాడు. అయిదుసార్లూ ఓడాడు. 40 ఏళ్ళు నిండిన 2025లో లాస్ ఏంజెలిస్ కింగ్స్ అతనితో ఏడాది ఒప్పందం చేసుకుంది. పెర్రీ వేగానికి పేరుపొందినవాడు కాదు. గోల్ ముందు గుంపులో నిలదొక్కుకోవడం, అడ్డుగా నిలిచి గోల్‌కీపర్ చూపు మూసేయడం, ఎగిరొచ్చిన పక్‌ను స్టిక్కుతో మలపడం అతని విద్య. కప్పు మీద ఆశ ఉన్న జట్లకు ఆ కొన్ని నిమిషాల పనే అవసరం. తన ఒంట్లో తగ్గని విద్య ఏదో తెలుసుకుని, దానికి సరిపోయే చిన్న పాత్రను ఒప్పుకున్నందుకే అతనికి పని దొరుకుతూ వచ్చింది.

మన బొగ్గు బెల్ట్‌లో

జ్యోతినగర్‌లో ఏ సాయంత్రమైనా షటిల్ కోర్టు దగ్గర నిలబడి చూడండి. రిటైర్మెంటుకు దగ్గరపడ్డ ఒకాయన, ఇంజనీరింగ్ చదివే కుర్రాళ్ళ జోడీతో డబుల్స్ ఆడుతుంటాడు. కుర్రాళ్ళు కోర్టంతా ఎగిరి దూకి స్మాష్‌లు కొడతారు. ఆయన నెట్‌కు నాలుగడుగుల దూరంలో ఉండి పెద్దగా కదలడు. ఎదుటివాడి మోచెయ్యి లేవగానే రాకెట్ పైకెత్తి సిద్ధంగా ఉంచుతాడు. కాక్ వచ్చి దానికి తగిలి నెట్ అంచు దాటి అవతల పడుతుంది. పాయింటు ఆయనది. అదే పాయింటు ఇరవై షాట్లు సాగితే కుర్రాళ్ళది. ప్రయోగశాల చెప్పేదంతా ఆ కోర్టు మీద కళ్ళకు కడుతుంది.

ఇక కొలువు సంగతి. మన దేశంలో వయసు మీదపడ్డ హాకీ ఆటగాణ్ణి చాలాకాలం కాపాడింది లీగ్ కాదు, ప్రభుత్వ రంగం. 1992, 1996, 2000 ఒలింపిక్స్‌లో ఆడిన మన ముకేష్ కుమార్ ఇండియన్ ఎయిర్‌లైన్స్ ఉద్యోగి. రైల్వేలు, చమురు సంస్థలు, పోలీసు, సైనిక దళాలు ఆటగాళ్ళను చేర్చుకున్నాయి. ఆడినన్నాళ్ళూ ఆడించాయి, తర్వాత డెస్క్ ఇచ్చాయి. మిథాలీ రాజ్ రైల్వే ఉద్యోగం చేస్తూనే 23 ఏళ్ళు అంతర్జాతీయ క్రికెట్ ఆడి, 39 ఏళ్ళ వయసులో 2022 జూన్‌లో విరమించింది. మరుసటి ఏడాదే మహిళల ప్రీమియర్ లీగ్‌లో గుజరాత్ జట్టుకు మార్గదర్శిగా చేరింది. నిజామాబాద్ బాక్సర్ నిఖత్ జరీన్‌కు తెలంగాణ ప్రభుత్వం 2024లో డీఎస్పీ ఉద్యోగం ఇచ్చింది. ఇవన్నీ మంచి నిర్ణయాలే. కానీ ఆ మెట్టు దాకా ఎక్కలేని, రాష్ట్ర జట్టుకో జిల్లా జట్టుకో పదేళ్ళు ఆడిన వందలమందికి ఈ తలుపులు తెరుచుకోవు.

పర్మినెంటుకూ కాంట్రాక్టుకూ ఉన్న తేడా ఈ బెల్ట్‌లో ఎవరికీ విడమర్చి చెప్పనక్కర్లేదు. పర్మినెంట్ కార్మికుడు వైద్యపరంగా అన్‌ఫిట్ అయితే మెడికల్ బోర్డు ఉంది, వారసుడికి ఉద్యోగం అడిగే దారి ఉంది. కాంట్రాక్టు కార్మికుడి ఒళ్ళు అరిగితే ఆ భారం అతనిదే. లీగ్ ఆటగాడు రెండో కోవలోకే వస్తాడు. కబడ్డీ లీగ్‌లో 1,800కు పైగా రైడ్ పాయింట్లు సాధించిన ప్రదీప్ నర్వాల్‌ను 2025 వేలంలో ఎవరూ కొనలేదు. అతను ఆటకు వీడ్కోలు చెప్పి వ్యాఖ్యాతగా మారాడు. అప్పటికి అతనికి 28 ఏళ్ళు. ఉరుకు, మలుపు మీద నడిచే ఆట ఒక మనిషిని ఎంత త్వరగా పక్కకు నెడుతుందో అంతకంటే చెప్పక్కర్లేదు.

ఏం చేస్తే మేలు?

మొదటిది, రెండో పాత్ర నేర్చుకోవడం. పారిస్ ఒలింపిక్స్ క్వార్టర్ ఫైనల్లో రక్షణ ఆటగాడు అమిత్ రోహిదాస్‌కు ఎర్రకార్డు పడి భారత్ 40 నిమిషాలకు పైగా పదిమందితో ఆడాల్సి వచ్చింది. మధ్యవరుస ఆటగాడు మన్‌ప్రీత్ సింగ్ వెనక్కి వెళ్ళి రక్షణలో నిలబడ్డాడు. అతనికి 32 ఏళ్ళు, అది నాలుగో ఒలింపిక్స్. షూటౌట్‌లో భారత్ గెలిచింది. మైదానంలో రెండు చోట్ల పనికొచ్చేవాడికి జట్టులో రెండు అవకాశాలుంటాయి. ఈ నేర్పు 33వ ఏట మొదలుపెడితే రాదు, 25వ ఏటనే మొదలుపెట్టాలి.

రెండోది, వ్యాయామం తీరు మార్చడం. వయసు వచ్చిందని బరువులు ఎత్తడం మాని నడకకు పరిమితమైతే వేగపు పోగులు ఇంకా త్వరగా సన్నబడతాయి. సరైన పర్యవేక్షణలో బరువైన వ్యాయామం, చిన్న ఉరుకులు చేస్తూ, వాటి మధ్య విశ్రాంతి పెంచడమే దారి. పరిమాణం తగ్గించాలి, తీవ్రత నిలుపుకోవాలి. ఇది ఆటగాళ్ళకే కాదు, కాలనీలో యాభై దాటిన ప్రతి ఒక్కరికీ వర్తించే సూత్రం.

మూడోది, ఆడుతున్నప్పుడే శిక్షకుడి చదువు పూర్తి చేయడం. పటియాలాలోని జాతీయ క్రీడా సంస్థ డిప్లొమా ఉన్నవాడికి పాఠశాలల్లో, అకాడమీల్లో కొలువు దొరికే వీలు ఎక్కువ. అంపైరింగ్, మ్యాచ్ వీడియో విశ్లేషణ, ఫిట్‌నెస్ శిక్షణ కూడా ఆటగాడి చూపుకు విలువ ఇచ్చే పనులే. తల్లిదండ్రులు పిల్లాడి మొదటి ట్రోఫీకి ఎంత సంతోషిస్తారో, ఈ సర్టిఫికెట్ కోసం కూడా అంత పట్టుబట్టాలి.

నాలుగోది సంస్థల బాధ్యత. సింగరేణిలో వర్క్‌పీపుల్ స్పోర్ట్స్ అండ్ గేమ్స్ అసోసియేషన్ ఉంది, గోదావరిఖనిలో స్టేడియం ఉంది, జ్యోతినగర్‌లో మైదానాలున్నాయి. ఈ చుట్టుపక్కల పదిహేనేళ్ళు ఆడి ఇప్పుడు ఖాళీగా ఉన్న మనుషులూ ఉన్నారు. వాళ్ళను వేసవి శిబిరాల్లో నెలరోజుల మొక్కుబడి పనికి పిలవడం కాకుండా, ఏడాది పొడవునా జీతమిచ్చి పిల్లలకు అప్పగిస్తే రెండు సమస్యలు ఒకేసారి తీరతాయి. కొట్టేవాడి తుంటి ఎటు తిరుగుతోందో చూడడం పుస్తకంలో చదివితే వచ్చేది కాదు. ఏళ్ళ తరబడి ఆడి, ఓడి, దెబ్బలు తిని చూపు సంపాదించినవాడు పక్కన నిలబడి చూపిస్తేనే పిల్లలకు పడుతుంది. ఆ చూపు ఉన్న మనిషిని ఉరుకు తగ్గిందని ఇంట్లో కూర్చోబెట్టడం ఆ మనిషికి అన్యాయం, ఆట నేర్చుకునే పిల్లలకు అంతకంటే పెద్ద నష్టం.